రేటు కోత

మా తోడికోడలు ఇరవై మూడేళ్ళు కాలర్లు కుట్టింది. చొక్కాలు కాదు, ఒట్టి కాలర్లు. చేతులు కుట్టేవాళ్ళు వేరు, జేబులవాళ్ళు వేరు, గుండీలవాళ్ళు వేరు. పూర్తి చొక్కా ఆవిడ తన చేత్తో కుట్టింది ఒక్కటే, పెళ్ళైన కొత్తలో మా బావగారికి. అది భుజాల దగ్గర పట్టేసేదట. అయినా ఆయన చిరిగేదాకా తొడుక్కున్నాడని నాతో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

నేను ఆవిడని అక్కా అనే పిలుస్తాను. వరసకి అక్క, వయసుకి దాదాపు అమ్మ. బావగారు పోయి ఆరేళ్ళైంది, పిల్లల్లేరు. మేముండే బిల్డింగులోనే మా వాటాకి ఎదురుగా ఒంటి గదిలో ఉంటుంది. రెండు తలుపులూ తీసి ఉంచితే నా వంటింట్లోంచి ఆవిడ మంచం కనిపిస్తుంది. మాతోనే ఉండమని మా ఆయన ఎంత బతిమాలినా వినలేదు, గది అద్దె తనే కట్టుకుంటానంది. మంకుపట్టులో ఆవిడ తర్వాతే ఎవరైనా.

ఫ్యాక్టరీలో ఆవిడకి పేరు లేదు. ముప్పై ఒకటో మిషను మీద కూర్చునేది కాబట్టి అందరికీ ముప్పై ఒకటి. కుట్టిన ప్రతి కట్టకీ ఆ నంబరు చీటీ కట్టాలి. ఏదైనా తేడా వస్తే ఎవరి మొహాన కొట్టాలో తెలియాలి కదా. జీతం నెలకింత అని కాదు, కాలరుకింత. ఏడాదికి రెండు మూడుసార్లు ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చి పక్కన నిలబడేవాడట. వాచీ ఆయన అనేవాళ్ళు. ఒక్కో కాలరుకి ఎన్ని నిమిషాలు పడుతోందో రాసుకునేవాడు. చేయి తిరిగి మనిషి జోరుగా కుడుతోందంటే మర్నాటినుంచి కాలరుకిచ్చే డబ్బు తగ్గిపోయేది. ఎంత వేగంగా కుట్టినా సాయంత్రానికి చేతికొచ్చేది ఆ పాత మొత్తమే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు రేటు కోత.

అందుకే వాచీ ఆయన గుమ్మంలో కనపడగానే లైనంతా నాటకాలు మొదలెట్టేది. ఒకరికి దారం తెగేది, ఒకరికి నడుం పట్టేసేది. మా అక్క ఒక్కతే మామూలుగా కుట్టేది. మామూలుగా కూడా కాదు, మనిషి పక్కన నిలబడ్డాడని ఇంకాస్త జోరుగా. రేటు కోసి ఆయన వెళ్ళిపోయాక మిగతా ఆడవాళ్ళు నెలల తరబడి ఈవిడతో మాట్లాడేవాళ్ళు కాదు. తొందరగా అవుతున్నదాన్ని అవట్లేదని ఎలా చెప్తామని నన్నే ఎదురడిగింది ఓసారి. అంత అమాయకత్వాన్ని వింటూ నేను గిన్నెలు తోముకున్నాను.

ఏడాదిన్నర కిందట ఆవిడ కుడిచేతి బొటనవేలికీ పక్కన రెండు వేళ్ళకీ తిమ్మిరి మొదలైంది. గ్లాసులు జారేవి. చిల్లర లెక్కపెడుతుంటే నాణేలు ఎక్కడ పడ్డాయో తెలిసేది కాదు. కాలర్ల మూలలు వంకర పోయాయి, కట్టలకి కట్టలు తిరిగొచ్చాయి. నెల తిరక్కుండానే ఇక రావద్దన్నారు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందనీ, బొటనవేలి కింద కండ అప్పుడే కరగడం మొదలైందనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చెయ్యొచ్చట. చేసినా పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడుతుంది. ఆపరేషన్‌కి డబ్బు కూడేదాకా చేతికి పట్టీ కట్టుకోవాలి, వేళ్ళతో చేసే పని రోజుకి రెండు గంటలు దాటకూడదు. దాటితే ఏమవుతుందని అడిగాను.

"జాకెట్టు హుక్కు పెట్టుకోడానికి కూడా మీరే రావాల్సి ఉంటుంది," అన్నాడు.

అక్క తన గురించి కానట్టు గోడమీద బొమ్మలు చూస్తూ కూర్చుంది.

నేను కొరియర్ ఆఫీసులో బుకింగ్ సీట్లో పనిచేస్తాను. ఇంట్లో చేసిన సబ్బులు, కొవ్వొత్తులు, పూసల జూకాలు డబ్బాల్లో పెట్టుకుని ఆడవాళ్ళు రోజూ నా కౌంటరు ముందు బారులు తీరతారు. అంతా ఫోన్లోనే అమ్మకం. వాళ్ళని చూసే నాకు ఆలోచన వచ్చింది. మా బిల్డింగులో పుట్టిన ప్రతి పిల్లా అక్క అల్లిన ఊలు బూట్లలోనే కాళ్ళాడించింది. క్రోషా సూదితో అల్లి, చీలమండ దగ్గర చిన్న గుండీ కుడుతుంది. అవి మెత్తగా, కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా ఉంటాయి. రోజుకి రెండు గంటల లెక్కన వారానికి రెండు జతలు చేసినా, మంచి ధర పెడితే అద్దె వచ్చేస్తుందని లెక్కేశాను. లెక్కల్లో నేను గట్టిదాన్నే.

ఫోన్లో పెట్టే దుకాణం పేరు దగ్గరే మొదటి గొడవ. బుజ్జి అడుగులు అన్నాను, పాల పాదాలు అన్నాను. ఎవరివా పాదాలు అని అడిగింది. పోనీ నీ పేరే పెడదామంటే సిగ్గుతో చచ్చిపోయింది. ఊరంతా నా పేరు చదవాలా అంది. ఆవిడకి తెలిసిన పేరల్లా తేడా వస్తే వెనక్కి పంపడానికి పనికొచ్చేదే. చివరికి దుకాణానికి ముప్పై ఒకటి అని పెట్టాం. ప్రతి బూటు లోపలా గోరంత గుడ్డముక్క మీద ఆ అంకె కుట్టింది. వారం తిరక్కుండా ఒకావిడ ఫోన్లో రాసింది, ముప్పై ఒకటో సైజు మా పాపకి పెద్దదవుతుందేమో, తనింకా పుట్టలేదు అని. అది చదివి వినిపిస్తే మా అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

రెండో గొడవ ధర. ఎంత పెడదామంటే నలభై అంది. ఊలుకింత, గుండీలకింత, అంతే. మరి నీ కష్టమో అంటే, ఇంట్లో కూర్చుని చేసేదానికి కష్టమేమిటంది. నాకు ఒళ్ళు మండింది. ఊలు నేను తూకానికి తెస్తాను, ఆ ఖర్చు నాది, నువ్వు నీ చేతికి విలువ కట్టు అన్నాను. కట్టలేకపోయింది. గంటసేపు కూర్చోబెట్టినా అంకె నోటికి రాలేదు. అప్పుడు నేనో ఉపాయం పన్నాను. ఫ్యాక్టరీలో గంటకి ఎంత పడేదని అడిగాను. యాభై దాకా అంది. గోడ గడియారం చూసుకుని ఒక జత అల్లమన్నాను. ఏడు గంటలు పట్టింది. ఏడు యాభైలు మూడొందల యాభై. ఆ లెక్క ఆవిడకి తెలిసిన లెక్క కాబట్టి వెంటనే ఒప్పుకుంది. వాచీ ఆయన్ని నేనే ఇంట్లోకి పిలిచి కుర్చీ వేశానని నాకప్పుడు తెలియలేదు.

మొదటి నెల ఆరు జతలు అమ్ముడుపోయాయి. రెండో నెల మధ్యలో ఒకరోజు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడింది.

"ఐదు గంటల్లో అయిపోతోంది. రేటు తగ్గించు."

ఏదో వేళాకోళం అనుకున్నాను. కాదు. కేలండర్ కాగితం వెనక తేదీలు వేసి, ఏ జతకి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంది. చేయి తిరిగింది, ఇక మూడొందల యాభై తీసుకుంటే కొనేవాళ్ళని మోసం చేసినట్టేనంది. తగ్గించేదాకా కదల్లేదు. ఆఫీసుకి టైమైపోతోందని, పోనీలే అని రెండొందల యాభై చేశాను. నా వేలితో నేనే చేశాను, ఇందులో ఇంకొకరి మీద పెట్టడానికేం లేదు. ధర తగ్గేసరికి ఆర్డర్లు పెరిగాయి. ఆర్డర్లు పెరిగేసరికి ఆవిడకి ఇంకా చేయి తిరిగింది. ఐదు గంటలది నాలుగైంది, రెండొందలు చేయించింది. నాలుగు గంటలది మూడూ చిల్లరైంది, నూట అరవై చేయించింది. ఫోను టింగుమన్నప్పుడల్లా నాకూ సంబరంగానే ఉండేది. చెయ్యి ఎలా ఉందని అడిగితే బాగానే ఉందనేది, నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని. నెలకి అరవై జతలు. రోజుకి రెండు గంటల మాట ఎప్పుడో గాల్లో కలిసిపోయింది.

ఒకరోజు పొద్దున పైట భుజాల చుట్టూ కప్పుకుని వచ్చింది. టీపొడి ఉందా అంది. ఆవిడ డబ్బాలో టీపొడి నిండుగా ఉందని నాకు తెలుసు, ముందురోజు నేనే పోశాను. పైట జారితే చూశాను, జాకెట్టు పై రెండు హుక్కులూ పెట్టుకోలేదు. నేను పెట్టాను. టీపొడి తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవిడ గదికెళ్ళి అరిచాను. నా నోరు ఎలాంటిదో మా బిల్డింగులో అందరికీ తెలుసు. రేటు పెంచుదాం, తక్కువ జతలు చెయ్యి, చెయ్యి ఉంటేనే కదా బతుకు అన్నాను. అన్నీ విని, మూడు గంటల పనికి అంతకంటే తీసుకోకూడదంది.

"ఇక్కడ ఓనరువి నువ్వే అక్కా. నీ రేటు నువ్వే కోసుకుంటున్నావు."

"ఓనరైతే మాత్రం? తొందరగా అయ్యేదాన్ని అవట్లేదని చెప్పనా?"

ఇక ఆవిడతో చెప్పి లాభం లేదనుకున్నాను. మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఆవిడకి చెప్పకుండా ధర ఏడొందలు చేసేశాను. ఆర్డర్లు తగ్గాలి, చేతికి విశ్రాంతి దొరకాలి. వచ్చిన ప్రతి జతకీ ఆవిడకి పాత నూట అరవయ్యే ఇచ్చి, మిగతాది ఆపరేషన్‌కి పక్కన పెట్టాలి. దుకాణం ఉన్నది నా ఫోన్లో కాబట్టి ఆవిడకి తెలిసే దారే లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అద్దెకి తక్కువైతే నేను చూసుకుంటాననుకున్నాను, ఆవిడ నా దగ్గర చెయ్యి చాపదని తెలిసీ.

ఆర్డర్లు నేననుకున్నట్టే పడిపోయాయి. మూడు నెలల్లో పంతొమ్మిది. ఆర్డర్లేమైనా వచ్చాయా అని రోజూ సాయంత్రం అడిగేది. అందరికీ ఇంతే అక్కా, ఇది సీజన్ కాదు అని అబద్ధం చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. విశ్రాంతిగా ఉంది కదా అనుకున్నాను. తలుపు దగ్గరగా వేసుకుంటుంటే నిద్రపోతోంది కాబోలు అనుకున్నాను. ఎదురుగదిలో మనిషి ఏం చేస్తోందో తొంగిచూడని నాకు, ఊళ్ళోవాళ్ళ పార్సిళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో మాత్రం నిమిషాల మీద తెలుసు.

ఒక మధ్యాహ్నం మా కౌంటరుకి ఫ్యాక్టరీలో చెకింగ్ చేసే ఆవిడ పార్సిల్ పంపడానికి వచ్చింది. ఒకప్పుడు వంకర పోయిన కాలర్లు వెనక్కి పంపింది ఈవిడే. నన్ను గుర్తుపట్టి, మీ అక్కకి ఏమైనా అయిందా అని అడిగింది. వారంలో మూడుసార్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి, బూట్ల జత చేతిలో పెట్టి, ఇందులో తప్పెక్కడుందో చూడు అంటోందట. తప్పేం లేదంటే నమ్మట్లేదట. వెనక్కి పంపేంత తప్పు ఉంటేనే కదా ఆర్డర్లు ఆగిపోతాయి అంటోందట. మర్నాడు అదే జత విప్పి మళ్ళీ అల్లుకుని వస్తోందట.

సీటు పక్కామెకి అప్పజెప్పి ఇంటికి పరిగెత్తాను. తలుపు తోస్తే తెరుచుకుంది. అక్క కిటికీ దగ్గర కూర్చుని అల్లుతోంది. మంచం మీద, నేల మీద విప్పేసిన ఊలు, వంకీలు తిరిగి, నలిగి, చీలి. ఒక్కో ఉండ ఎన్నిసార్లు అల్లి విప్పిందో చూస్తేనే తెలుస్తోంది. చేతి పట్టీ గోడకి తగిలించి ఉంది. రోజుకి రెండు గంటలకి తగ్గించాననుకున్నదాన్ని, పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా చేయించాను. ఆ చెయ్యి అప్పటికి ఎంత సన్నబడిందంటే, బొటనవేలి కింద గుంట పడింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మొత్తం చెప్పేశాను. తప్పు కుట్లలో లేదు, ధరలో ఉంది, ఏడొందలు పెట్టింది నేనే, మిగిలిన డబ్బు నీ ఆపరేషన్‌కి దాచాను, ఇంకొంచెం అయితే సరిపోతుంది. తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడ సూది పక్కన పెట్టింది.

"ఎంతమంది కొన్నారు ఆ రేటుకి?"

"పంతొమ్మిది మంది."

"వాళ్ళకి వెళ్ళింది నూట అరవై పనే. మిగతాది బాకీ ఉన్నాం."

ఆ డబ్బు వెనక్కి పంపేయమంది. ఆపరేషన్ డబ్బు నేను చచ్చినా ఇవ్వనన్నాను. అయితే ఒక్కొక్కరికీ ఇంకో జత పంపుతాను, అడ్రసులివ్వు అంది. ఇవ్వనన్నాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ పట్టలేదు, అందరూ సంతోషంగానే కొనుక్కున్నారు అని గొంతు పోయేలా అరిచాను. ఆవిడ నాలుగురోజులు తలుపు గడియ వేసుకుంది. మా ఆయన వెళ్ళి తట్టినా తియ్యలేదు, నేను పెట్టిన అన్నం గుమ్మం బయటే ఉండిపోయింది. ఐదోరోజు తలుపు కింద సందులోంచి అడ్రసుల కాగితం తోశాను. గడియ తీసిన చప్పుడైంది.

మొదటి ఐదారు జతలు ఎలాగో అయ్యాయి. తర్వాత బొటనవేలు సూదిని పట్టడం మానేసింది. పాత చీర అంచు చింపి, సూదిని అరచేతికి కట్టేసి, మణికట్టు తిప్పుతూ అల్లడం మొదలెట్టింది. పొద్దున ఆఫీసుకెళ్ళేముందు ఆ కట్టు నేను కట్టేదాన్ని. చేతికి హాని చేస్తున్నానని తెలిసీ కట్టాను. కట్టకపోతే పళ్ళతో కట్టుకుంటోంది, ఏం చెయ్యను? పూర్తయిన జతలు నేనే ప్యాక్ చేసి పంపేదాన్ని. పొరపాటున రెండోసారి వచ్చాయి, తిరిగి పంపాలా అని కొందరు రాశారు. మా బాబు పెద్దవాడైపోయాడు, పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం అని ఒకావిడ రాసింది. ఆ మాట మాత్రం అక్కకి చదివి వినిపించలేదు.

పంతొమ్మిదో జత ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తయింది. గుండీలు మాత్రం నేను కుట్టాను, ఆవిడ పక్కన కూర్చుని దారం ఎక్కడ దింపాలో చెప్పింది. అయ్యాక రెండు బూట్లూ ఒళ్ళో పెట్టుకుని, కేలండర్ కాగితం తియ్యమంది. రోజూ గంటల లెక్క ఎడమచేత్తో రాసుకుంటూనే ఉంది. అంకెలు చిన్నపిల్లల రాతలా వంకర్లు పోయి ఉన్నాయి.

"ఈ జతకి మొత్తం ఎంతైందో కూడు."

తొమ్మిది రోజుల ముక్కలు కలిపి చూశాను. పద్నాలుగు గంటల పది నిమిషాలు వచ్చింది.

"గంటకి యాభై లెక్కన?"

ఆవిడ ఎటు వెళ్తోందో నాకు అర్థమైంది. ఏడొందల పైనే అన్నాను.

నెలల తర్వాత ఆవిడ మొహం తేటపడింది. పోట్లాటలన్నీ తీరిపోయినట్టు నావంక చూసి తలూపింది.

"ఇప్పుడు సరిపోయింది. ఇక ఆ రేటే ఉంచు, నేనేం అనను."

కట్టు విప్పమని చెయ్యి నా ముందుకి చాపింది. విప్పాను. సూది జారి నేలమీద పడింది, ఆ వేళ్ళకి అది పడ్డ సంగతి తెలియలేదు.